లోపలి ఆమెన్

మా అమ్మ కలుపు తీస్తూనే యేసు గురించి చెప్పేది. మా చర్చిలో ఆడవాళ్ళు ప్రసంగించడానికి వీల్లేదు, పొలంలో ఎవరూ ఆపలేదు. పక్క సాలులో ఆమెకి జ్వరమంటే తలమీద చెయ్యేసి ప్రార్థన చేసేది, సాయంత్రం గంజి పట్టుకెళ్ళేది.

నాకు మాత్రం నోరు మూసుకోవడం నేర్పింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు ఎస్సీలు కారు; ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి. నా సర్టిఫికెట్లో మతం హిందూ. ఆ కాగితంతోనే లెక్చరర్నయ్యాను. ఆదివారం ఎక్కడికెళ్తారని స్టాఫ్‌రూంలో అడిగితే చుట్టాలింటికంటాను. (సంఘంలో అందరూ చుట్టాలే కదా!)

మొన్న కొలీగ్ కూతురు ఐసీయూలో ఉంటే వెళ్ళాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "మీరు ప్రార్థన చేస్తారటగా, చెయ్యండి" అంది. వరండా నిండా మా కాలేజీ వాళ్ళే. కళ్ళు మూసుకున్నాను. పెదవులు కదల్లేదు. ఆమెన్ కూడా లోపలే అనుకున్నాను. మర్నాడు గంజి కాచి పట్టుకెళ్ళాను.