నీళ్లొచ్చాయి... ఊళ్లు మునిగాయి!

మాన్వాడ దగ్గర కట్టెక్కి చూస్తే కనుచూపు మేరా నీళ్లే. సముద్రమేమో అనిపించే ఆ జలాశయం పేరు మిడ్‌మానేరు. సెలవురోజొస్తే చాలు... పిల్లాపాపలతో వచ్చి ఫొటోలు దిగేవాళ్లకు అదో విహారస్థలం. కానీ ఆ నీళ్లకింద ఊళ్లున్నాయి. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి... బతుకమ్మలాడిన వాకిళ్లూ, పసుపు కుంకుమల గడపలూ అన్నీ అక్కడే ఉండిపోయాయి.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని బోయినపల్లి మండలం మానేరు పక్కనే ఉన్నా కరవుతో అల్లాడింది. బోర్లు వట్టిపోయి, సేద్యం గిట్టక ఈ చుట్టుపక్కల నుంచి ఎందరో గల్ఫ్‌కీ ముంబయి, భివండీలకీ వలసపోయారు. ఆ కష్టం తీర్చడానికే వైఎస్ హయాంలో పాతిక టీఎంసీలకు పైగా పట్టే ఈ జలాశయాన్ని తలపెట్టారు. 2016 సెప్టెంబరు వానలకు, ఇంకా కడుతుండగానే కట్ట తెగింది. చివరికి 2019లో కాళేశ్వరం ఎత్తిపోతలతో గోదావరి ఇక్కడిదాకా వచ్చింది. బావుల్లో ఊట పెరిగింది. బీళ్లలో వరి నిలిచింది. అదీ నిజమే!

ఎత్తు చెప్పే లెక్క

గోదావరి మీది ఎల్లంపల్లి జలాశయం పూర్తి నీటిమట్టం 148 మీటర్లు. మిడ్‌మానేరుది 318. మధ్యలో తేడా 170 మీటర్లు! ఒక్క టీఎంసీని అంత పైకి ఎత్తడానికే కనీసం కోటీ 30 లక్షల యూనిట్ల కరెంటు కావాలి. మోటార్ల దగ్గర వృథా అయ్యేది అదనం. రాష్ట్రంలో కరెంటు ఎక్కువగా పుట్టేది బొగ్గు నుంచే. బొగ్గు కావాలంటే అడవినో, చేనునో తవ్వాలి. దాన్ని కాలిస్తే భూమి వేడెక్కుతుంది, వానలు గతి తప్పుతాయి. మళ్లీ కరవే... మళ్లీ ఎత్తిపోతలే!

2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగడంతో అక్కడ నీళ్లు నిలపడం ఆపేశారు. కాళేశ్వరం ఖర్చు లక్షా 47 వేల కోట్లు దాటొచ్చని 2024లో కాగ్ లెక్కతేల్చింది. పెరుగుదలకు భూమి హద్దు గీస్తుందని 1972లోనే అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ‘ద లిమిట్స్ టు గ్రోత్’ పుస్తకంలో హెచ్చరించారు. ఆ హద్దు ఎలా ఉంటుందో బోయినపల్లి వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు.

పంట పండినప్పుడు దేశం ఆదాయం పెరిగినట్టు లెక్క రాస్తారు. మునిగిన చింతచెట్టునూ, చెదిరిన ఇరుగుపొరుగునూ ఏ ఖాతాలో రాయాలి? ముంపు గ్రామాలవాళ్లు పునరావాస కాలనీలకు చేరి ఏళ్లు గడిచాక, 2024 నవంబరులో వాళ్లకు 4,696 ఇందిరమ్మ ఇళ్లు మంజూరయ్యాయి.

వరదవెల్లి గుట్టమీది దత్తాత్రేయస్వామి గుడి మాత్రం మునగలేదు. చుట్టూ నీళ్లు చేరి దీవిలా మిగిలింది. ఒకప్పుడు కాలినడకన ఎక్కిన గుట్టకు ఇప్పుడు పడవలో వెళ్లాలి. వచ్చినవాళ్లకు అదో సరదా ప్రయాణం. వరదవెల్లి వాళ్లకు మాత్రం... ఆ పడవ వెళ్లేది సొంత ఊరిమీదుగానే.