చక్రాల మీద ఇల్లు - చల్లగా వెళ్ళి రావాలంటే

‘‘అమెరికాలో మా అబ్బాయి ఇల్లులాంటి బండి ఒకటి అద్దెకు తీసుకుంటున్నాడట. పది రోజులు అందులోనే వండుకు తింటూ, అందులోనే పడుకుంటూ ఊళ్ళు తిరుగుదాం, మీరూ రండి అంటున్నాడు. నాకు షుగరు, మా ఆవిడకు బి.పి. ఈ వయసులో ఇలాంటి ప్రయాణం మాకు తగునా డాక్టరుగారూ?’’

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఏడాదికేడాది ఎక్కువవుతున్నారు. జవాబు ముందే చెప్పేస్తాను. తగుతుంది. నిక్షేపంగా వెళ్ళిరండి. 2024 జూలైలో మేమూ వెళ్ళొచ్చాం. మా అమ్మాయి, అల్లుడు, ఎనిమిదేళ్ళ మనవడు, మా ఆవిడ, నేను, మా వియ్యంకుడుగారు, వియ్యపురాలు - మొత్తం ఏడుగురం. సాల్ట్ లేక్ సిటీలో బండి ఎక్కి, సుమారు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్న యెల్లోస్టోన్ పార్కుకు వెళ్ళి, ఎనిమిది రోజుల తరవాత తిరిగొచ్చాం. అక్కడ కన్నులపండువుగా ఉన్నవాటి గురించి యాత్రల శీర్షిక రాసేవారు రాస్తారు. నేను వైద్యుణ్ణి గనక ఆ ఎనిమిది రోజుల్లో ఎవరి ఒంట్లో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మీతో చెబుతాను.

ఈ బండిని అక్కడ ఆర్వీ అంటారు. మన పెద్దలు తిరునాళ్ళకు గూడుబండి కట్టుకుని, బియ్యం, పప్పు, కుంపటి, చాపలు వేసుకుని వెళ్ళేవారు చూడండి, దానికే ఇంజను తగిలించి, పడకలు, పొయ్యి, ఫ్రిజ్, పాయిఖానా అమర్చితే ఆర్వీ. పొడవు ముప్ఫై అడుగులున్నా వెడల్పు ఎనిమిదడుగులకు కాస్త పైన. మన ఇంట్లో మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, మురుగు ఎటు పోతోందో, పొయ్యి మీది గాలి ఎటు వెళుతోందో మనం పట్టించుకోం. ఆ పని ఇల్లే చేసిపెడుతుంది. ఈ బండిలో మాత్రం అవన్నీ మనమే చూసుకోవాలి. చూసుకోకపోతే ముందు తెలుసుకునేది మన ఒళ్ళే.

సీసా పగిలితే...

మొదటి రోజే ఒక మలుపులో వంట అలమర తలుపు తెరుచుకుంది. గోంగూర పచ్చడి సీసా కిందపడి ముక్కలైంది. ఈ బండ్లలో ప్రతి అలమరకూ గడియ ఉంటుంది. బయలుదేరేముందు ఎవరో ఒకరు అన్నీ తడిమి చూడాలి. ఆ వేళ ఎవరికివారు ఇంకొకరు చూశారనుకున్నారు. సరే, ముక్కలు ఏరి, నేల తుడిచి ముందుకు సాగాం.

సాయంత్రం బండి ఆగాక నేల మీద ఎర్రటి మరకలు కనిపించాయి. పచ్చడి నూనె అనుకుని మా ఆవిడ తుడవబోయింది. అది నూనె కాదు, నెత్తురు. మా వియ్యంకుడుగారి అరికాల్లో గాజు పెంకు దిగి ఉంది. ఆయన హాయిగా పేపరు చదువుకుంటున్నారు!

పద్దెనిమిదేళ్ళుగా మధుమేహం ఉన్న మనిషి ఆయన. అంతకాలం షుగరు ఉంటే చాలామందికి పాదాల నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, వేడి తగిలినా తెలియదు. తెలియని గాయం చీము పడుతుంది. అరికాలి చీమే ముదిరి ఆఖరికి కాలు తీసేసేదాకా వచ్చిన రోగులను నేను నా వృత్తిలో చాలామందిని చూశాను. పెంకు తీసి, సబ్బునీళ్ళతో కడిగి, కట్టు కట్టి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో అడిగి తెలుసుకున్నాను. రోజూ విప్పి చూశాం. పది రోజుల్లో మానిపోయింది.

షుగరున్నవారికి నా మాట ఒక్కటే. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగడం మన ఆచారమే. కాని ఆ బండిలో మాత్రం లోపల తొడుక్కోవడానికి మెత్తని చెప్పులు ఒక జత వేరుగా పెట్టుకోండి. రాత్రి పడుకోబోయేముందు రెండు అరికాళ్ళూ చూసుకోండి. వంగలేకపోతే చిన్న అద్దం కింద పెట్టి చూసుకోండి, లేదా ఇంట్లోవాళ్ళను చూడమనండి. పచ్చళ్ళు గాజు సీసాల్లో కాక ప్లాస్టిక్ డబ్బాల్లో తీసుకెళ్ళండి.

అన్నట్టు, బండి నడుస్తున్నప్పుడు లేచి కాఫీ కలపడం, మంచం మీద నడుం వాల్చడం పనికిరాదు. ఇల్లులా కనిపించినా అది రోడ్డు మీద పరుగెత్తే వాహనమే. అందరూ కూర్చుని బెల్టు పెట్టుకోవలసిందే. రెండు గంటలకోసారి బండి ఆపించి పది నిమిషాలు నడవండి. గంటల తరబడి కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఉంది. కూర్చున్నచోట కూడా మడమలు, వేళ్ళు ఆడిస్తూ ఉండండి.

నీళ్ళు మానేసిన వియ్యపురాళ్ళు

మూడో రోజు పొద్దున మా ఆవిడ మంచం మీద నుంచి లేస్తూనే కళ్ళు తిరిగి తూలింది. నాలుక తడారిపోయి ఉంది. ‘‘నిన్న ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగావు?’’ అని అడిగితే బదులు లేదు. కాసేపటికి మా వియ్యపురాలు నోరు విప్పారు. అసలు సంగతి ఇది.

ఈ బండి కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్ళకు. రెండోది వంట, స్నానం చేసిన నీళ్ళకు. మూడోది పాయిఖానాకు, దీన్నే నల్ల ట్యాంకు అంటారు. ఇది నిండాక అందుకు ఏర్పాటుచేసిన చోట బండి ఆపి, లావుపాటి గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. ఆ పని మా అల్లుడు చేస్తున్నాడు. అల్లుడి చేత అలాంటి పని చేయించడమా అని మా ఆవిడ, కొడుకు చేత చేయించడమా అని ఆవిడ - ఇద్దరూ కూడబలుక్కుని రెండో రోజు నుంచి నీళ్ళు తాగడం తగ్గించేశారు. నాతో కూడా చెప్పలేదు. పైగా మా ఆవిడ వేసుకునే రక్తపోటు మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు కూడా కలిసి ఉంది. లోపలికి పోసేది లేక, బయటికి పోయేది ఆగక ఒళ్ళు ఎండిపోయింది.

సంగతి విని మా అల్లుడు నవ్వేశాడు. ‘‘అత్తయ్యా, ట్యాంకు ఖాళీ చేయడం పావుగంట పని. మీరు నీళ్ళు మానేస్తే ఆసుపత్రి చుట్టూ తిరగడం అయిదు రోజుల పని’’ అన్నాడు. ఆ పూట ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు కొద్దికొద్దిగా తాగించి, పడుకోబెట్టి, సాయంత్రానికి లేవదీశాం.

అమ్మలారా, ఈ మొహమాటం మీలో చాలామందికి ఉంది. ఆర్వీలోనే కాదు, రైల్లో, బస్సులో, పెళ్ళివారింట్లో కూడా పాయిఖానాకు వెళ్ళవలసి వస్తుందని నీళ్ళు మానేస్తారు. దానివల్ల మూత్రకోశంలో చీము చేరుతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, రక్తపోటు మందులు వాడేవారికి కళ్ళు తిరుగుతాయి. పడితే తుంటి ఎముక విరుగుతుంది. దాహం వేసేదాకా ఆగకండి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపడా తాగుతున్నట్టు. ముదురు రంగుకు దిగితే చాలనట్టు. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో తమ డాక్టరును అడిగి వెళ్ళాలి.

ఖాళీ చేసేవారికి కూడా ఒక మాట. రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ముందు నల్ల ట్యాంకు, తరవాత వంటనీళ్ళ ట్యాంకు వదిలితే ఆ నీళ్ళే గొట్టాన్ని కడిగేస్తాయి. మంచినీళ్ళ గొట్టాన్ని ఎప్పుడూ దీని దగ్గరకు రానీయకూడదు, రెండూ ఒకే పెట్టెలో పెట్టకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. విరేచనాల సూక్ష్మక్రిములన్నిటికీ చేతికి రాసుకునే శానిటైజరు సరిపోదు.

పప్పు ఎందుకు ఉడకలేదు?

యెల్లోస్టోన్ సరస్సు సముద్రమట్టానికి 7,700 అడుగులకు పైన ఉంది. ఆ ఎత్తులో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాదు, సుమారు 92 డిగ్రీల సెంటీగ్రేడుకే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు గంట గడిచినా ఉడకదు. ‘‘పప్పు పాతది’’ అని కొన్న కొట్టును తిట్టుకోకండి. కుక్కరు తీసుకెళ్ళండి, సరిపోతుంది. పెరుగు, వండిన కూరలు ఉంచే ఫ్రిజ్ 4 డిగ్రీలకు మించకూడదు. చిన్న థర్మామీటరు లోపల పెట్టండి. ఇన్సులిన్‌ను గడ్డకట్టే అరకు దూరంగా తలుపు వైపు ఉంచండి. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

ఆ తెల్లవారుజామున

ఇక అసలు విషయానికొస్తాను. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

యెల్లోస్టోన్‌లో ఒకే ఒక్క విడిదిలో బండికి కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇస్తారు. మిగతాచోట్ల బండిలోని బ్యాటరీయే దిక్కు. అయిదో రాత్రి మేమున్నది కనెక్షన్ లేని చోట. తెల్లవారుజామున బ్యాటరీ అయిపోయి, వేడిగాలి పంపే ఫ్యాను ఆగిపోయింది. జూలై అయినా బయట ఎముకలు కొరికే చలి. మా వియ్యపురాలు అలవాటు ప్రకారం అందరికన్నా ముందు లేచి, కాఫీకి గ్యాసు పొయ్యి వెలిగించారు. కాఫీ అయ్యాక, పిల్లవాడు చలికి ముడుచుకున్నాడని రెండు పొయ్యిలూ అలాగే ఉంచేశారు. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి.

నాకు మెలకువ వచ్చేసరికి మనవడు తలనొప్పి అంటున్నాడు. మా ఆవిడకూ తలనొప్పి. వియ్యపురాలికి వాంతి వచ్చేలా ఉంది. ‘‘ఎత్తు ప్రదేశం కదా బావగారూ, పైత్యం’’ అన్నారు వియ్యంకుడుగారు. ఇంతలో గోడకున్న చిన్న పెట్టె కీచుమని అరవసాగింది. ‘‘బ్యాటరీ తక్కువైనట్టుంది, ఊడబీకుతాను’’ అని మా అల్లుడు చెయ్యి వేశాడు. వియ్యంకుడుగారు కరోనా రోజుల్లో కొన్న ఆక్సిమీటరు తీసి మనవడి వేలికి తగిలించారు. 94 చూపించింది. ఆ ఎత్తులో అది మామూలే.

నేను ఒక్కటే ఆలోచించాను. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి అయితే వచ్చిన మొదటి రాత్రే రావాలి. ఇన్ని రోజులు లేనిది, ఒకే గదిలో ఉన్న ముగ్గురికి ఒకేసారి ఎందుకొస్తుంది? పొయ్యి ఆర్పేసి, ‘‘పెట్టె సంగతి తరవాత, ముందు అందరూ బయటికి నడవండి’’ అన్నాను. దుప్పట్లు కప్పుకుని చలిలో చెట్టు కింద నిలబడ్డాం. అల్లుడు బయటి నుంచి గ్యాసు కట్టేసి, పార్కు రేంజర్ దగ్గరకు పరుగెత్తాడు. వచ్చిన అంబులెన్సు సిబ్బంది వేరే పరికరంతో పరీక్షించి, మనవడికీ వియ్యపురాలికీ మాస్కుతో ప్రాణవాయువు పెట్టారు. మధ్యాహ్నానికి అందరూ కోలుకున్నారు. ఇంకో గంట నిద్రపోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదేమో.

అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. మంట సరిగా మండనప్పుడు పుడుతుంది. వంట గ్యాసుకు కావాలనే వాసన కలుపుతారు గనక లీకైతే తెలుస్తుంది. దీనికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుని, ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది. మామూలు ఆక్సిమీటరు ఈ తేడా పట్టలేదు. మనిషి ప్రాణం మీదికి వచ్చినా బాగానే ఉన్నట్టు అంకె చూపిస్తుంది. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ప్రాణవాయువు ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. అందుకే ఆసుపత్రి సాయం అవసరం.

ఇది అమెరికా వెళ్ళేవారికే అనుకోకండి. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి, బాలింత గదిలో నిప్పులు, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు, వరండాలో నడిచే జనరేటరు - అన్నింట్లోనూ పొంచి ఉన్నది ఇదే.

గుర్తుంచుకోవలసినవి

1. పొయ్యి వండుకోవడానికే, చలి కాచుకోవడానికి కాదు. వండుతున్నంతసేపూ కిటికీ తెరిచి, ఫ్యాను వేసి ఉంచండి.

2. గోడ మీది పెట్టె అరిస్తే కారణం వెతుకుతూ కూర్చోవద్దు. ముందు బయటికి రండి, తరవాత 911కి ఫోను చేయండి. సిగ్నల్ లేకపోతే రేంజర్‌కు కబురు చేయండి.

3. ఒకే చోట ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే, బయటి గాలిలో తగ్గితే, గాలినే అనుమానించండి. గర్భిణులు, పసిపిల్లలు, గుండె జబ్బువారు, స్పృహ తప్పినవారు తప్పక ఆసుపత్రికి వెళ్ళాలి.

4. మందులు చేతిసంచీలో, చీటీతో సహా, వారం రోజులకు ఎక్కువగానే పెట్టుకోండి. ప్రయాణ బీమా లేకుండా అమెరికా విమానం ఎక్కకండి.

5. రాత్రి లేచేవారికి చిన్న దీపం, దిండు పక్కన టార్చిలైటు ఉండాలి. బండి మెట్టు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోండి.

వయసు మళ్ళాక పిల్లలతో కలిసి ఒకే గూటిలో నాలుగు రోజులు గడపడం మందుల చీటీలో రాయలేని బలం. మొహమాటం ఇంటి దగ్గర వదిలేసి, నీళ్ళ చెంబూ చెప్పుల జతా వెంట పెట్టుకుని బయలుదేరండి. శుభప్రయాణం.