ముందద్దం మీద మచ్చ

మాది హోసూరు. మా నాయనకు సొంత టాక్సీ ఉంది. బెంగళూరు విమానాశ్రయానికి, ధర్మపురికి, సేలానికి బాడుగలకు పోతుంటాడు. మా ఇంట్లో బియ్యం, నా స్కూలు ఖర్చు, అవ్వ మందులు అన్నీ ఆ బండి మీదే జరగాలి. అందుకే పోయిన వేసవిలో ఆ బండి ముందద్దానికి రాయి తగిలి చిన్న పెచ్చు లేచినప్పుడు, దాన్ని బాగు చేయించాలా, అద్దమే మార్పించాలా అని మా ఇంట్లో మూడు రోజులు చర్చ జరిగింది. ఆ మూడు రోజుల్లో నేను తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మా కృష్ణగిరి జిల్లాలో రాతి క్వారీలు, క్రషర్లు ఎక్కువ. 44వ నంబరు జాతీయ రహదారి మీద జల్లి లారీలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. కొన్ని లారీల మీద టార్పాలిను కూడా కప్పరు. శూలగిరి దగ్గర అలాంటి లారీ నుంచి ఒక రాయి ఎగిరి వచ్చి 'టప్' మని తగిలిందంట. మచ్చ నక్షత్రం ఆకారంలో ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే 1 సెంటీమీటరు. రూపాయి బిళ్ల పెడితే దాని కింద పూర్తిగా దాక్కుంది. నాయన వెంటనే దాని మీద తెల్ల టేపు అంటించాడు. నీళ్లు, దుమ్ము లోపలికి పోతే తర్వాత బాగుచేసే మందు సరిగా పట్టదంట.

"అద్దం పగల్లేదు కదా, ఏం గాదులే. బండి నడుస్తా ఉంది" అన్నాడు నాయన. "పగిలిన అద్దం మంచిది కాదు నాయనా, మార్చేయ్" అంది అవ్వ. "మార్చాలంటే దుడ్డు ఎక్కడిది?" అంది అమ్మ. ముగ్గురి మాటల్లోనూ న్యాయం ఉందనిపించింది. మరుసటి రోజు మా సైన్సు సారును అడిగాను.

కారు ముందద్దం ఒక్క గాజు పలక కాదని సారు చెప్పారు. రెండు గాజు పలకలు, వాటి మధ్య పాలివినైల్ బ్యుటిరాల్ అనే ప్లాస్టిక్ పొర ఉంటాయి. అందుకే దెబ్బ తగిలినా గాజు ముక్కలు మన మీద పడకుండా ఆ పొరకు అంటుకొని ఉంటాయి. 1903లో ఫ్రాన్సులో ఎదువార్ బెనెదిక్తస్ అనే రసాయన శాస్త్రవేత్త చేతి నుంచి ఒక గాజు ఫ్లాస్కు కింద పడింది. అది పగిలింది గానీ ముక్కలు చెదరలేదు. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టుకొని ఉంది. ఈ రకం అద్దం ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. మా బండికి పై పలక మాత్రమే దెబ్బతిన్నది. లోపలి వైపు గోరుతో రాసి చూస్తే నున్నగానే ఉంది.

అయితే 'ఏం గాదులే' అని వదిలేయడం కుదరదని కూడా అప్పుడే అర్థమైంది. మచ్చ చుట్టూ ఉన్న సన్నని చీలికల కొనల దగ్గర ఒత్తిడి అంతా చేరుతుంది. బయట ఎండకు గాజు వ్యాకోచిస్తుంది, లోపల ఏసీ చలికి సంకోచిస్తుంది. గుంతలో బండి ఎగిరి పడితే ఇంకో కుదుపు. ఇవన్నీ కలిసి ఏదో ఒక రోజు ఆ చీలికను బారెడు పొడవున సాగదీయగలవు.

ఆదివారం నాయనతో పాటు నేనూ అద్దాలు బాగుచేసే అన్న దగ్గరికి పోయాను. ఆయన పని చూడడానికి ముచ్చటగా ఉంది. మచ్చ మీద చిన్న పంపు బిగించి లోపలి గాలి లాగేస్తాడు. తర్వాత రెసిన్ అనే పలచని జిగురును లోపలికి ఎక్కిస్తాడు. దాని మీద అతినీలలోహిత దీపం పెడితే కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆ రెసిన్ వక్రీభవన గుణకం గాజుకు దగ్గరగా ఉంటుంది. అందుకే వెలుగు పెద్దగా వంగకుండా పోతుంది, మచ్చ దాదాపు కనబడదు. మేము పదో తరగతిలో లెక్కలు చేసి మార్కులు తెచ్చుకునే ఆ గుణకం ఒక దుకాణంలో అన్నం పెడుతోందని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన అడిగింది 600 రూపాయలు. కొత్త అద్దమైతే 6,200. నాయన ముఖంలో సంతోషం కనబడింది. కానీ ఆ అన్న బండి చుట్టూ తిరిగి, డ్రైవరు సీటులో కూర్చొని చూసి, తల అడ్డంగా ఊపాడు. అరవంలో ఆయన చెప్పింది ఇది: "పక్క సీటు ముందర ఉంటే ఇప్పుడే చేసిస్తాను. ఇది నీ కంటికి నేరుగా ఉంది. రెసిన్ పోస్తే బలం వస్తుంది, మచ్చ మాత్రం పూర్తిగా పోదు. నువ్వు రాత్రి తోలేవాడివి." చేతికొచ్చిన 600 రూపాయలు వద్దనుకొని నిజం చెప్పిన ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ఆ రాత్రి మేమే పరీక్ష చేశాం. టేపు తీసి, చిన్నాయన తన బైకును ఎదురుగా నిలబెట్టి లైటు వేశాడు. నేను నాయన సీటులో కూర్చున్నాను. పగలు ఆవగింజంత కనిపించిన మచ్చ లైటు పడగానే పువ్వులా విచ్చుకొని మెరిసింది. బైకు పక్కన నిలబడిన మా అమ్మ ఆ మెరుపులో నాకు కనబడలేదు. ఆ మాట చెప్పగానే నాయన వచ్చి కూర్చొని చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాగు చేయిస్తే ఈ మెరుపు తగ్గుతుంది, కానీ ఎంత తగ్గుతుందో రోడ్డు మీదకు పోయేదాకా తెలియదు.

ఇక దుడ్డు సంగతి. "ఇన్సూరెన్సు ఉంది కదా" అన్నాడు చిన్నాయన. నేను కాగితం తీసుకొని లెక్క వేశాను. మాకు నాలుగేళ్లుగా క్లెయిము లేదు. ఈ ఏడాదీ లేకపోతే బోనసు 50 శాతం అవుతుంది. ఈ బోనసు బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం మీదే వస్తుంది. ఆ భాగం 8,000 అనుకుంటే తగ్గింపు 4,000. క్లెయిము చేస్తే మొదటి ఏడాది ఆ 4,000 పోతుంది. రెండో ఏడాది 50కి బదులు 20 శాతమే, అంటే 2,400 నష్టం. మూడో ఏడాది 25 శాతం, 2,000 నష్టం. మొత్తం 8,400. మా పాలసీలో బోనసు కాపాడే అదనపు రక్షణ లేదు. 6,200 కోసం 8,400 పోగొట్టుకోవడమెందుకు? అమ్మ చీటీ డబ్బులోంచి తీసి ఇచ్చింది. ఆ డబ్బు ఇంటి ముందు రేకులు వేయడానికి దాచినది. రేకులు ఇంకా వేయలేదు.

కొత్త అద్దం మూలన ఐ.ఎస్.ఐ. గుర్తు చూసుకొని బిగించుకున్నాం. జిగురు బాగా పట్టేదాకా రెండు రోజులు బాడుగ లేదు. తలుపులు కూడా మెల్లగా వేయమన్నారు. ముందద్దం గాలిని ఆపడానికే కాదు, బండి పైకప్పుకు బలం ఇవ్వడానికి కూడా ఉంది. జిగురు సరిగా పట్టకపోతే ప్రమాదంలో ఊడిపోతుంది. పాత అద్దంతో పాటు ఫాస్టాగ్ కూడా పోయింది. అది ఒకసారి పీకితే మళ్లీ పనిచేయదు, కొత్తది తీసుకోవాలి.

మీ ఇంట్లోనూ ఇలా జరిగితే మొదట టేపు అంటించండి. దెబ్బ రూపాయి బిళ్ల కంటే చిన్నదై, అంచుకు దూరంగా, పై పలకకు మాత్రమే ఉంటే బాగు చేయించడమే మేలు. ఖర్చు తక్కువ, మంచి అద్దం చెత్తలోకి పోదు. కానీ కొలిచే ముందు తోలేవాళ్ల సీటులో కూర్చొని చూడండి. మచ్చ ఎంత ఉంది అన్నది స్కేలు చెబుతుంది. అది దేనికి అడ్డం వస్తుందో అక్కడ కూర్చున్న కన్నే చెప్పాలి.

జల్లి లారీ తోలే అన్నలకు కూడా ఒక మాట చెప్పాలని ఉంది. ఒక టార్పాలిను కప్పితే చాలు, వెనకాల వచ్చే ఒక ఇంటి వాళ్లు ఇన్ని లెక్కలు వేయనక్కర్లేదు.