తెరకెక్కని నూరేళ్ళు

ప్రజానాట్యమండలి పేరెత్తితే చాలు, మన సినిమావాళ్ళు గడగడా ఒక జాబితా చదివేస్తారు. 'పుట్టిల్లు' (1953) తీసి జమున గారిని తెరకు పరిచయం చేసిన డాక్టర్ గరికపాటి రాజారావు గారు, అదే చిత్రంతో అడుగుపెట్టిన అల్లు రామలింగయ్య గారు, 'పల్లెటూరు' (1952) తీసిన తాతినేని ప్రకాశరావు గారు, మిక్కిలినేని గారు... అందరూ ఆ బడిలో చదువుకున్నవాళ్ళే. బాగానే వుంది. మరి 1943లో పుట్టిన ఆ సంస్థ వేదికల మీద ఈ మహానుభావుల పక్కనే నిలబడి గొంతెత్తిన ఆడవాళ్ళు ఏమయ్యారు? ఆ సంగతి చెప్పిన సినిమా పుస్తకం ఇంతవరకూ నా కంటబడలేదు.

వాళ్ళలో ఒకరు నిండా నూరేళ్ళు బతికారు. మా నర్సీపట్నంలో బస్సెక్కితే దిగే విశాఖపట్నంలోనే, 2018 సెప్టెంబర్ 19న కన్నుమూశారు. ఆవిడ పేరు కొండపల్లి కోటేశ్వరమ్మ గారు.

ఆ యేడాది మే నెలలోనే 'మహానటి' విడుదలయింది. మా వూళ్ళో ఆడవాళ్ళు హాల్లోంచి కళ్ళొత్తుకుంటూ బయటికి రావడం నేను చూశాను. సావిత్రి గారి కోసం అంతగా ఏడ్చిన జనానికి, నాలుగు నెలలకు పోయిన ఈవిడెవరో తెలియదు. తప్పు జనానిది కాదు లెండి. చెప్పినవాడుండాలి కదా!

కృష్ణాజిల్లా పామర్రులో 1918 ఆగస్టు 5న పుట్టారు కోటేశ్వరమ్మ గారు. ఊహ తెలియకముందే పెళ్ళి, ఊహ తెలిసేలోగా వైధవ్యం. ఆ కాలంలో అక్కడితో కథ ముగిసిపోవాలి. ముగియలేదు. చదువుకున్నారు, పాడారు, కొండపల్లి సీతారామయ్య గారిని పెళ్ళాడారు. వితంతువుకు మళ్ళీ పెళ్ళి అంటే వీధి వీధంతా ముక్కున వేలేసుకునే రోజులవి. ఆ పైన కమ్యూనిస్టు ఉద్యమం, మహిళా సంఘం, ప్రజానాట్యమండలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. సత్యభామ అంటే స్థానం నరసింహారావు గారే అని లోకం చప్పట్లు కొట్టిన కాలం ఆ ముందుదే. ఆడవేషం మగవాడు కడితే కళ, సంసారపక్షపు ఇల్లాలు స్టేజీ ఎక్కితే అప్రతిష్ఠ! అలాంటప్పుడు మొహానికి రంగు పూసుకుని, వూరి నడుమ దీపాల వెలుగులో నిలబడి పాడటమంటే ఎంత గుండె కావాలి? డబ్బు కోసమా, పేరు కోసమా? బెంగాల్ కరువు బాధితులకు చందాలు పోగు చేసిన దళాలవి. పాట ఆవిడకు అలంకారం కాదు, పని.

తర్వాత నిర్బంధం, అజ్ఞాతవాసం, పిల్లల్ని వదిలి ఊళ్ళు పట్టుకు తిరగడం... అవన్నీ దాటి ఒడ్డున పడ్డాక భర్త ఆమెను విడిచి వెళ్ళిపోయారు. (1980లో పీపుల్స్‌వార్ స్థాపించిన సీతారామయ్య గారే ఆయన. 2002లో పోయారు. ఆయన గురించి రాసినవాళ్ళు చాలామందే వున్నారు గనక ఇక్కడ వదిలేస్తున్నాను.)

ముప్ఫై అయిదేళ్ళ ఆ వయసులో ఆవిడ ఏం చేశారో తెలుసా? హైదరాబాదు వెళ్ళి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళా సభలో చేరి, మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు! కూతురి యీడు పిల్లల పక్కన పుస్తకం తెరిచారన్నమాట. దుర్గాబాయి గారు 1937లో మద్రాసులో నాటిన ఆ మొక్క నీడన ఎందరు ఆడవాళ్ళు రెండోసారి జీవితం మొదలుపెట్టారో! ఆ చదువుతోనే కాకినాడ పాలిటెక్నిక్ ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం దొరికింది. మేట్రనంటే తెలుసుగా... జ్వరమొస్తే తల్లి, ఆలస్యంగా వస్తే పోలీసు.

కొడుకును విప్లవోద్యమం తీసుకుపోయింది. కూతురూ తల్లికంటే ముందే వెళ్ళిపోయింది. మిగిలిన మనవరాళ్ళను పెంచి పెద్ద చేశారు. పాటలు, కవితలు, కథలు రాశారు. తొంభై దాటాక, 2012లో, తన బతుకంతా 'నిర్జన వారధి' పేరుతో పుస్తకంగా తెచ్చారు. 2015లో అది ఇంగ్లీషులోకీ వెళ్ళింది.

ఆ పుస్తకాన్ని మా మామ్మకు చదివి వినిపించాను. సాయంత్రాలు, కరెంటు వున్నా లేకపోయినా, అరుగు మీద. మామ్మకు పాటంటే ప్రాణం. కానీ కొత్తకాపురంలో గొంతెత్తితే మా తాత "ఇది కొంపా, డ్రామా కంపెనీయా?" అనేవాడట. ఆ ఒక్క మాటతో అరవయ్యేళ్ళు నోరు మూసుకుంది. కాకినాడ రోజుల దగ్గరికొచ్చేసరికి నన్ను ఆపింది.

"ఏటిరా బాబూ, ఇన్ని పోగొట్టుకున్న మనిషి ఎవర్నీ శపించదేటి?"

నాకు జవాబు తోచలేదు. కాసేపటికి తనే అంది: "పాడుకున్న మనిషి గదరా. సగం బరువు అక్కడే దిగిపోయుంటాది."

ఆ మాట అన్నాక ఆ రాత్రి మళ్ళీ చదవనివ్వలేదు. లోపలికెళ్ళి పడుకుంది. చీకట్లో ఏదో సన్నగా కూనిరాగం వినిపించింది. పుట్టి బుద్ధెరిగాక మా మామ్మ గొంతులో రాగం వినడం నాకదే మొదలు.

ఇప్పుడు మన నిర్మాతలు జీవితకథల వేటలో వున్నారు. ఎవరైనా ఈ కథ జోలికొస్తే సంతోషమే గానీ, ఒక భయం లేకపోలేదు. అడవి, తుపాకులు, నాయకుడు... ఆవిడ ఇంట్లో కూర్చుని ఏడిచే భార్య! అలా తీస్తే తీయకపోవడమే నయం. నన్నడిగితే ఇంటర్వెల్ ఆ మెట్రిక్ క్లాసు గది దగ్గర పడాలి. ఎందుకంటే ఆ తర్వాత ఇంకో అరవయ్యేళ్ళ కథ వుంది. అది అచ్చంగా ఆవిడది.

హీరోయిన్ విషయంలోనూ ఒక మనవి. ఎంత అందగత్తెయినా సరే, పెదవులు కదిపి ఊరుకునే అమ్మాయిని పెట్టకండి. భానుమతి గారిలా తన పాట తనే పాడుకోగలిగిన పిల్లను వెతకండి. దొరక్కపోతే, దొరికేదాకా ఆగండి.