ఏ ఇల్లు మేలు?

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేయడం అంతకన్నా కష్టం.

గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాంలో ఒక కుటుంబానికి తాతల నాటి మండువా లోగిలి ఉంది. వాన కురిస్తే నాలుగు వైపుల పెంకుల మీది నీరూ నడిమి మండువాలోకి దిగి, తూము గుండా బయటికి పోతుంది. 1996 నవంబరు తుపానుకు చాలా పెంకులు ఎగిరిపోయాయి. క్రమంగా వాసాలకు చెద పట్టింది. ఇంతలో పక్క వీధిలో రెండు గదుల కొత్త డాబా అమ్మకానికి వచ్చింది. తాళం తీసి కాపురం పెట్టడమే తరువాయి.

కొడుకు లెక్క వేశాడు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, గోడ పెచ్చులూడుతుంది. మళ్ళీ సున్నమే పూయాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు అరుదు. ఏటా వానలకు ముందు పెంకులు సర్దించాలి.

"డబ్బు ఎలాగో తెస్తాను. ఏటేటా ఈ పని ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు.

తల్లి చాలాసేపు మాట్లాడలేదు. "మీ నాన్నగారు ఉన్నన్నాళ్ళు నిచ్చెన ఎక్కేవారు. నువ్వు తెల్లవారకముందే కాకినాడ బస్సెక్కుతావు. నావల్ల కాదు కదా, బాబూ!" అంది.

వారు డాబా కొన్నారు. లోగిలిని బాగుచేసుకుని ఉంటానన్న పినతండ్రి కొడుక్కి అప్పగించారు.

పెద్ద ఇల్లు గొప్పా కాదు, చిన్న ఇల్లు లోటూ కాదు. ఇంటికి ఎంత ఖర్చవుతుందని అందరూ అడుగుతారు. ఏటేటా దానికి ఎవరి చేతులు కావాలో కూడా అడిగినవారే సరైన ఇంటిని ఎంచుకోగలరు.