అమ్మ ఫొటో

1988లో మే నెల మొదట్లో ఒకనాడు మా అమ్మను మాధవరం దగ్గర తుంగభద్ర ఒడ్డుకు తీసుకుపోయి ఫొటో తీశాను. అప్పుడు నేను కొత్త ఉపాధ్యాయుణ్ణి. జీతం కూడబెట్టి కెమెరా కొన్నాను. ఎండ ఎంత ఉంటే ఫొటో అంత బాగా వస్తుందనుకున్నాను. అంచేత మిట్టమధ్యాహ్నం వెళ్లాం.

"కాళ్లు కాలుతున్నాయిరా, తొందరగా తియ్యి!" అని అమ్మ నవ్వింది.

రీలు కడిగించి చూస్తే ఏరూ, ఇసుకా తెల్లగా వెలిగిపోతున్నాయి. తలమీది కొంగు కింద అమ్మ ముఖం మాత్రం నల్లని మచ్చలా ఉంది. మళ్లీ తీద్దాంలే అనుకున్నాను. ఏడాది తిరగకముందే అమ్మ పోయింది. ఆ ఫొటో ఒక్కటే మిగిలింది.

మా మనమడు స్వీడన్ దేశంలో, స్టాక్‌హోమ్ నగరంలో ఉంటాడు. వాడికి పదేళ్లు. ఆ ఫొటో చూసి, "తాతా, జేజమ్మ ముఖం కనపడదేం?" అని అడిగాడు. జవాబు నేను చెప్పడంకన్న నీడచేత చెప్పించడం మేలనుకున్నాను.

ఒక డిసెంబరు 22న వాడు అక్కడా, నేను ఇక్కడా మీటరు కర్రను నిలువుగా పాతి మధ్యాహ్నపు నీడ కొలిచాం. నా కర్ర నీడ సుమారు 80 సెంటీమీటర్లు. వాడిది దాదాపు 8 మీటర్లు! టేపు చాలక వాళ్ల నాన్నను పిలిచాడట.

కారణం వినండి. మాధవరం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 16 డిగ్రీల మీద ఉంది. స్టాక్‌హోమ్ 59 డిగ్రీల మీద ఉంది. డిసెంబరులో అక్కడ నడిపొద్దున కూడా సూర్యుడు 7 డిగ్రీలే పైకి వస్తాడు. మాకో, మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదటి పక్షంలో ఒకసారి సరిగా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిలువు కర్రకు నీడే ఉండదు. ఆదోని కొండల బండలైనా ఎత్తుపల్లాలు లేనట్టు కనిపిస్తాయి. మనిషి నుదురు చూరులాగా కళ్లమీద నీడ వేస్తుంది. మన కన్ను ఎండనూ నీడనూ సర్దుకుని చూడగలదు. కెమెరా అంత సర్దుకోలేదు. వెలిగే ఇసుకకు సరిపడా వెలుతురు తీసుకునేసరికి అమ్మ ముఖం చీకటైంది.

అయితే ఉత్తరదేశాల ఫొటోలన్నీ బాగుంటాయా? లేదు. మనమడు తీసిన మంచు బూడిదలాగా వచ్చింది. ఎదుట ఉన్నది ఏదైనా మధ్యరకం వెలుగుదే అని కెమెరా లెక్కవేస్తుంది. అంతా తెల్లగా ఉంటే వెలుతురు ఎక్కువైందని తగ్గించేస్తుంది. "కాస్త ఎక్కువ వెలుతురు ఇవ్వరా" అన్నాను. మంచు తెల్లబడింది.

వెలుతురును కనిపెట్టి ఉండడం పాత విద్యే. ఇదే తుంగభద్రకు ఎగువన, హంపీ శిథిలాలను 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి మైనం పట్టించిన కాగితాలమీద ఫొటోలు తీశాడు. ఆ రోజుల్లో బొమ్మ పడేదాకా ఓపికగా కాచుకోవలసిందే.

మొన్న సెలవులకు మనమడు వచ్చాడు. పొద్దు పొడిచిన కాసేపటికి నన్ను ఏటి ఒడ్డున బండమీద కూర్చోబెట్టాడు. కెమెరా ఎత్తకముందు పొద్దు ఎటుందో చూశాడు. "తాతా, కాస్త ఇటు తిరుగు" అన్నాడు.

ఫొటోలో నా ముఖంమీది ముడతలన్నీ పడ్డాయి. చూస్తూ ఉంటే అందులో అమ్మ పోలిక కనిపించింది.

పిల్లలూ, మీ ఇంటి పెద్దలకు ఫొటో తీసేముందు నేలమీద వాళ్ల నీడ చూడండి. నీడ పొట్టిగా ఉంటే పొద్దు వాలేదాకా ఆగండి.