గడియ వెయ్యని తలుపు

నా నవలల్లో ఇల్లు విడిచి వెళ్ళిన ఆడపిల్ల తిరిగొచ్చే ఘట్టం నాలుగింటిలో ఉంది. నాలుగింటిలోనూ తండ్రి మొహం తిప్పుకుంటాడు, తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంటుంది, పైన వాన కూడా కురుస్తుంది. ఉత్తరాలు బాగానే వచ్చాయి లెండి. మా అవ్వ మాత్రం చదివించుకుని విని, "ఎవురమ్మే ఈ తండ్రి? ఇంత పొగరేంది ఆయనకు?" అనేసింది.

అవ్వది కలువాయి. అక్షరం రాదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మాత్రం చరణం పొల్లుపోకుండా వచ్చు. ఆయన 1890లోనే పోయారు. ఆ పాటలు మా వంటింట్లో కట్టెల పొగలో కూడా వినబడేవి. దేవుడు తనను రానిస్తాడో లేదోనన్న అనుమానం అవ్వకు ఏనాడూ లేదు. బి.ఏ. చదివిన పాపానికి నాకన్నీ అనుమానాలే. ఎన్ని ఆదివారాలు ఎగ్గొట్టానో, ఎన్ని అబద్ధాలాడానో అన్నీ లెక్కలే.

అసలు లెక్క ఒకటుంది. నాయన మాట కాదని పెళ్ళి చేసుకుని తొమ్మిదేళ్ళు ఆ గడప తొక్కలేదు. నాయన పోయినప్పుడు కూడా వెళ్ళలేదు. కబురు ఆలస్యంగా అందిందని అందరికీ చెప్పాను. నిజానికి ఆ రోజే అందింది.

చివరికి ఒక సాయంత్రం నెల్లూరులో బస్సెక్కాను. దారి పొడుగునా మూడు వాక్యాలు వల్లె వేసుకున్నాను. తప్పు చేశానని మొదటిది, క్షమించమని రెండోది, ఒక్క రాత్రి వరండాలో పడుకుని తెల్లారే పోతానని మూడోది. దిగేసరికి చీకటి పడింది. వీధిలోనే నిలబడిపోయాను. లోపల్నుంచి అవ్వ చూసింది. పరుగెత్తే వయసా ఆమెది? గోడ పట్టుకుని, ఒక కాలికి చెప్పు లేకుండానే వచ్చేసింది. నేను రెండో వాక్యంలో ఉన్నాను. "కాళ్ళు కడుక్కో పాపా, పులుసు చల్లారిపోతా ఉండాది" అంది.

వంటింట్లో మా పెద్దమ్మ గిన్నెలు ఎత్తేసింది. ఎత్తెయ్యదూ మరి? ఆ తొమ్మిదేళ్ళూ ఇద్దరికీ చాకిరీ చేసింది ఆవిడ. నేను సగం ఆవిడ పక్షమే. అవ్వ నాకు వడ్డించి, వెళ్ళి ఆవిడ పక్కన చతికిలబడింది.

ఆ రాత్రి లూకా సువార్తలోని తప్పిపోయిన కొడుకు కథ నాకు మళ్ళీ చెప్పింది. అవ్వ చెబితే ఆ తండ్రి మన పక్క పెద్దరైతే, పంచె ఎగగట్టి వీధిలో పరుగెత్తుతాడు. "వాడు నన్ను కూలివాడిగా పెట్టుకోమని చెప్పాలని నేర్చుకునొచ్చినాడు గదా, ఆ మాట ఆయన అననిచ్చినాడా?" అంది. తర్వాత పుస్తకం తీసి చూశాను. నిజమే, ఆ వాక్యం కొడుకు నోట పూర్తి కానేలేదు. నేనిన్నేళ్ళు చదివి గమనించలేదు. కోపంతో బయట నిలబడ్డ పెద్దకొడుకు దగ్గరికి కూడా తండ్రే నడిచి వెళ్ళాడు.

ఈ ధీమా ఆమెకెక్కడిది? మాది తోలుపని చేసిన కులం. ఊరి బావి దగ్గరా గుడి దగ్గరా దూరం జరగమనడమే విన్న తరాలు. అటువంటి వాళ్ళకు దేవుడే ఎదురొస్తాడన్న మాట ఎలా వినబడి ఉంటుందో మీరే ఊహించండి. అమెరికన్ బాప్టిస్టులు 1840లోనే నెల్లూరు చేరినా, చాలా ఏళ్ళు వాళ్ళ మాట విన్నవాళ్ళు కొద్దిమందే. 1866లో ఒంగోలు దగ్గర ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన బాప్తిస్మం తీసుకున్నాక కదలిక వచ్చింది. 1876-78 కరువులో ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు పట్టి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు.

ఇదంతా చదివి వినిపిస్తే అవ్వ ఆలోచించి, "దొర ఆపినాడు సరే. ఆ యాడాది దేవుడు కూడా ఆపినాడా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ మొదటి రాత్రే నాయన సంగతి ఒప్పుకున్నాను, కబురు అదే రోజు అందిందని. చీకట్లో చాలాసేపు మాట్లాడలేదు. "తెలుసు పాపా" అంది చివరికి. "కబురు తెచ్చినోడు నీ చేతికే ఇచ్చినానన్నాడు." తెలిసే ఆ పులుసు పోసిందన్నమాట. నాకు ఏడుపాగలేదు.

దీపం తీసి పడుకుంది గాని వీధి తలుపు దగ్గరికి వేసి ఊరుకుంది.

"దొంగలొస్తారవ్వా, గడియ వెయ్యనా?" అన్నాను.

"రానీ. పులుసు మిగిలింది గదా."

కాసేపటికి మా పెద్దమ్మ లేచి, గొణుక్కుంటూ వెళ్ళి గడియ పెట్టింది.